తొలి ఆట ఎవరిది?

ఈ సంవాదంలో మాట్లాడే ఇద్దరూ కల్పితులే. ఒకరు పోలవరం ముంపు గ్రామాల మీద గంటన్నర డాక్యుమెంటరీ తీసిన యువ దర్శకుడు. రెండోవారు ఉద్యోగ విరమణ చేసిన లెక్కల మాస్టారు. మంచి సినిమా ఎక్కడ వేసినా బస్సెక్కి వెళ్ళి చూసి, తిరిగొచ్చి పిల్లలకు చెప్పిన మనిషి. ఇద్దరిదీ పోలవరమే. మనుషులు కల్పితులైనా వాళ్ళు ఎత్తే విషయాలు కల్పితం కావు, చిన్న సినిమా తీసిన ప్రతి ఇంట్లోనూ ఇవాళ నలుగుతున్నవే. సినిమా ఎలా తీయాలో చెప్పేవాళ్ళకు మనకి కొదవ లేదు. తీశాక, ప్రివ్యూ చప్పట్లు సద్దుమణిగాక, ఉత్సవాలకు దరఖాస్తులు పెట్టుకుని ఎదురుచూసే ఏడాదో రెండేళ్ళో ఆ సినిమా ఏమైపోతుంది, అంతకాలం అది ఎవరికి చెందుతుంది అన్నది మాత్రం ఎవరూ పట్టించుకోరు. నా అభిప్రాయం దాచుకోను: కెమెరా ఎవరి బతుకు మీద తిరిగిందో వాళ్ళు చూడకుండా ఆ కాలం గడిచిపోకూడదు. అయితే ఈ మాట బయట నిలబడి అనడం తేలిక. దర్శకుడి వైపున్న బలమైన కారణాలన్నీ విన్నాకే అనాలి. అందుకే మొదట అతని మాట.

దర్శకుడు: హైదరాబాదులో ప్రివ్యూ థియేటర్ తీసుకుని ప్రైవేటుగా ఒక ప్రివ్యూ వేశామండి. పిలిచినవాళ్ళందరూ వచ్చారు, చూశారు, భుజం తట్టి ఇళ్ళకి వెళ్ళిపోయారు. మర్నాటి నుంచి నా పని సినిమా కాదు మాస్టారూ, ఫారాలు నింపడం. ఫిల్మ్‌ఫ్రీవే అని ఒకటుంది, 2014లో కెనడాలో మొదలుపెట్టారు. అంతకుముందు ఇదే పని చేసిన వితౌటెబాక్స్ 2019లో మూతపడింది. ఇవాళ చాలా ఉత్సవాలకు దరఖాస్తు దాని ద్వారానే వెళ్తుంది. లింకు ఒకసారి ఎక్కించి పెట్టుకుంటే, మీట నొక్కినప్పుడల్లా ఒక ఉత్సవానికి సినిమా వెళ్తుంది, నొక్కినప్పుడల్లా డాలర్లలో ఫీజు పోతుంది. తొందరగా పంపితే తక్కువ, గడువు దగ్గరపడేకొద్దీ ఎక్కువ. గంటన్నర సినిమాని ఒక పేజీలో రాయాలి, ఒక పేరాలో రాయాలి, చివరికి ఒక్క వాక్యంలో రాయాలి. కోయ మాటలకీ మన గోదావరి మాటలకీ ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ మళ్ళీ మళ్ళీ దిద్దుకోవాలి. లింకు ఎవరు తెరిచారో, ఎంతవరకు చూశారో లెక్క కనబడుతుందండి. పదకొండో నిమిషం దగ్గర ఆపేశారని తెలుస్తుంది, ఎందుకు ఆపేశారో తెలీదు. నాలుగైదు నెలలయ్యాక ‘ఈసారి వేలాది సినిమాలు వచ్చాయి, మీది తీసుకోలేకపోతున్నాం’ అని ఉత్తరం వస్తుంది. ఇంత దేనికి పడుతున్నానంటే, ఒక్క మంచి చోట ఎంపికైతే సినిమాకి దారి దొరుకుతుంది. ఈలోగా ఊళ్ళో తెర కట్టి వేశామనుకోండి, ఎవడో ఫోన్లో తీసి యూట్యూబులో పడేస్తాడు. ఇంకా ఎక్కడా తొలి ఆట పడని సినిమా అన్న హోదా, అదే ప్రీమియర్ స్టేటస్, పోతుంది, ఏడాది కష్టం గోదాట్లో కలుస్తుంది. ఊళ్ళోవాళ్ళకి చూపించనని అనడం లేదు, ఒక్క ఏడాది ఆగమంటున్నాను. అంతే.

మాస్టారు: ఆగమని ఎవరిని అడుగుతున్నావో ఒకసారి చూసుకో బాబూ. ఈ ప్రాజెక్టుకి 1981లో అంజయ్య గారు శంకుస్థాపన చేశారు. 2004 తర్వాత పనులు కదిలాయి. 2014లో విభజన చట్టం దీన్ని జాతీయ ప్రాజెక్టు అంది. ముంపు లెక్కలో ఉన్నవి లక్షకు పైగా కుటుంబాలు, అందులో కోయలు, కొండరెడ్లు ఎంతమందో నీకు నేను చెప్పక్కర్లేదు. ఇన్నేళ్ళూ వాళ్ళు విన్న మాట ఆగమనే. పునరావాస ప్యాకేజీకి ఆగమన్నారు, ఇంటి పట్టాకి ఆగమన్నారు, భూమికి భూమి అడిగితే ఆగమన్నారు. కాఫర్ డ్యామ్ లేచాక వరద వెనక్కి తన్ని దేవీపట్నం ఇళ్ళల్లోకి వచ్చింది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది, అప్పుడు కొండలెక్కి కూర్చున్నవాళ్ళు నీ సినిమాలోనే ఉన్నారు. ఒక పెద్దామె గడపకి పసుపు రాసి, దణ్ణం పెట్టుకుని, ఆ ద్వారబంధాన్నే ఊడదీయించి ట్రాక్టరు మీద వేయించుకుంటుంది కదా, ఆ ఇంటి గోడలు ఇవాళ నీ సినిమాలో తప్ప ఎక్కడా లేవు. ఆమె ఇప్పుడు తాడువాయిలోనో కృష్ణునిపాలెంలోనో ఆర్ అండ్ ఆర్ (పునరావాస) కాలనీలో, ఒకే కొలతకి కట్టిన వరస ఇళ్ళలో ఉంటుంది. ముసలామె. నీ ఏడాది ఆమెకి ఎంత పెద్దదో ఆలోచించు. ప్రభుత్వం ఆగమంది, కాంట్రాక్టరు ఆగమన్నాడు, ఇప్పుడు ఆమె పక్షాన తీసిన సినిమా కూడా ఆగమంటోంది.

ఇక నువ్వు దేనికోసం ఆగమంటున్నావో అది చూద్దాం. అమెరికాలో సన్‌డాన్స్ ఉత్సవానికి 2024లో వచ్చిన దరఖాస్తులు 17,435. అందులో పూర్తి నిడివి సినిమాలే 4,410. తీసుకున్నవి వందకి లోపు. నూటికి రెండు, అటూ ఇటూగా. పది ఉత్సవాలకు తలా యాభై డాలర్లు కట్టావనుకో, ఐదు వందల డాలర్లు. మన డబ్బుల్లో నలభై వేల పైమాటే. ఆ నలభై వేలతో ఒక ప్రొజెక్టరు, స్పీకర్లు అద్దెకి తీసుకుని ఎన్ని కాలనీలు తిరగొచ్చో నువ్వే లెక్కేసుకో. పోటీకి పంపొద్దని నేననడం లేదు. ఆ నూటికి రెండు కోసం నూటికి నూరుమంది జనాన్ని బయట నిలబెట్టొద్దంటున్నాను. ఇంకో మాట. ప్రీమియర్ స్టేటస్ అని భయపడుతున్నావు గానీ, నిబంధనలు చదివావా? వెనిస్ పోటీకి ప్రపంచంలోనే తొలి ప్రదర్శన కావాలంటారు, నిజమే. కాన్ వాళ్ళు సొంత దేశంలో చూపించిన సినిమాని కాదనరు. ఇంటర్నెట్లో పెట్టకూడదు, వేరే అంతర్జాతీయ ఉత్సవంలో వేసి ఉండకూడదు అంటారు. కాలనీలో కమ్యూనిటీ హాల్లో వేసిన ఆట వాళ్ళ కంటికి ఆనదు. నువ్వు గౌరవించే నియమం సగానికి సగం నీ భయమే.

దర్శకుడు: ఫోన్లో తీసి నెట్లో పెడితే ఆ నియమం కూడా తప్పినట్టేనండి. అయినా లెక్క సరే, ఆ నూటికి రెండులో పడ్డ సినిమాల సంగతి చూడండి. రజనేష్ దోమల్‌పల్లి ‘వనజ’ తీశారు. కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువు ముగించడానికి తీసిన సినిమా అది. నటులు చాలామంది అంతకుముందు కెమెరా ముఖం చూడనివాళ్ళు. వనజ వేసిన మమతా భుక్యా ఈ సినిమా కోసమే కూచిపూడి నేర్చుకుంది. 2006లో టొరంటోలో వేశారు, 2007లో బెర్లిన్‌లో ఉత్తమ తొలి చిత్రం బహుమతి వచ్చింది, అమెరికాలో థియేటర్లలో ఆడింది, రోజర్ ఈబర్ట్ అంతటి విమర్శకుడు ఆ ఏడాది మేలైన విదేశీ చిత్రాల్లో దాన్ని చేర్చాడు. ఉత్సవాలు లేకపోతే ఆ అమ్మాయి నాట్యం ఎవరు చూసేవారు? మొన్నటికి మొన్న ‘కేరాఫ్ కంచరపాలెం’ చూడండి. వెంకటేష్ మహా తొలి సినిమా, నటుల్లో చాలామంది ఆ పేట జనమే. న్యూయార్క్ ఇండియన్ ఫిల్మ్ ఫెస్టివల్‌కి వెళ్ళింది, రానా గారు సమర్పించారు, 2018 సెప్టెంబరులో ఊరూరా థియేటర్లకి వచ్చింది. అస్సాంలో రీమా దాస్ సొంతూళ్ళో సొంత కెమెరాతో తీసిన ‘విలేజ్ రాక్‌స్టార్స్’ 2017లో టొరంటో వెళ్ళింది. మరుసటి ఏడాది జాతీయ పురస్కారాల్లో స్వర్ణ కమలం వచ్చింది, మన దేశం తరఫున ఆస్కార్‌కి పంపారు. 2024లో కాన్‌లో గ్రాండ్ ప్రి గెలిచిన పాయల్ కపాడియా సినిమాని ఇండియాలో విడుదల చేసింది కూడా మన రానా గారి స్పిరిట్ మీడియానే. కాన్‌లో గెలవకపోతే ఆ మలయాళ సినిమా హైదరాబాదు దాకా వచ్చేదంటారా?

అన్నిటికంటే ‘క్యా హువా ఇస్ షహర్ కో’ గుర్తు చేసుకోండి. 1984 హైదరాబాదు అల్లర్ల మీద దీపా ధన్‌రాజ్ గారు 1986లో తీశారు. పాతికేళ్ళు దాటాక ఆ సినిమాని బాగుచేసి, డిజిటల్ చేసి, 2013లో మళ్ళీ తెరమీదకి తెచ్చింది ఎవరండీ? బెర్లిన్‌లో ఆర్సెనల్ అనే సంస్థ. మన హైదరాబాదు గాయం భద్రంగా ఉన్నది మన దగ్గర కాదు, బెర్లిన్‌లో. కాలనీలో తెర కట్టి వేసిన ఆట రాత్రికి రాత్రి ముగుస్తుంది. రేపు దేవీపట్నం ఎలా ఉండేదో తెలియాలంటే సినిమా ఎక్కడో ఒకచోట నమోదై ఉండాలి. ఆ నమోదు కోసమే నా తాపత్రయం.

మాస్టారు: ఆఖరి మాట ఒప్పుకుంటాను. సినిమాని దాచడం చేతకాని నేల మనది, దాచగలిగినవాళ్ళకి అందేలా పంపాల్సిందే. మిగతావాటిలో ఒక తేడా నువ్వు గమనించలేదు. ‘వనజ’ కథాచిత్రం, కల్పిత పాత్ర. దాన్ని ఎవరు ముందు చూసినా వనజకి అన్యాయం జరగదు. నీ సినిమాలో ఉన్నవాళ్ళు పాత్రలు కారు. వాళ్ళ పేర్లున్నాయి, ఇళ్ళున్నాయి, అర్జీలున్నాయి. వాళ్ళు నీకు టైమిచ్చారు, అన్నం పెట్టారు, ఏడుపు కూడా ఇచ్చారు. కథాచిత్ర దర్శకుడికి లేని బాకీ నీకుంది. పైగా నువ్వు చెప్పిన ‘వనజ’నే తీసుకో, బెర్లిన్ బహుమతి తెచ్చిన తెలుగు సినిమా పేరు మన తాలూకాలో ఎంతమంది విన్నారు? మృణాల్ సేన్ 1977లో తెలుగులో ‘ఒక ఊరి కథ’ తీశారు, కార్లోవీ వేరీలో బహుమతి పొందింది. ఇవాళ మన కుర్రాళ్ళలో చూసినవాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. బయట గెలిచిన సినిమా తనంతట తానే ఇంటికొస్తుందనుకోకు. ఎవరో ఒకరు పూనుకుని తేవాలి. కంచరపాలేన్ని సురేష్ ప్రొడక్షన్స్ తెచ్చింది, వాళ్ళకి హాళ్ళున్నాయి. నీకెవరున్నారు?

ఇంకో సంగతి, నన్ను ఎక్కువ బాధపెట్టేది. నా చిన్నప్పుడు ఏ హాలుకెళ్ళినా అసలు సినిమా ముందు ఫిల్మ్స్ డివిజన్ వారి రీలు వేసేవారు. వేయకపోతే హాలు లైసెన్సుకే ముప్పు. 1948లో మొదలైన ఆ సంస్థ ఆనకట్టల మీద ఎన్ని రీళ్ళు తీసిందో. భాక్రా చూశాం, హీరాకుడ్ చూశాం. ఆనకట్ట అంటే ప్రగతి అని టికెట్టు కొన్న ప్రతివాడికీ ప్రభుత్వం బలవంతంగా చూపించింది. పోలవరం విషయంలో కూడా ఏం జరిగిందో చూశావుగా. 2019 జనవరిలో ఇరవై నాలుగ్గంటల్లో 32 వేల ఘనపు మీటర్ల పైన కాంక్రీటు పోసి గిన్నిస్ రికార్డు అన్నారు, అన్ని చానళ్ళూ చూపించాయి. ఆ రోజుల్లోనే రాష్ట్రం నలుమూలల నుంచీ ప్రభుత్వం బస్సులు పెట్టి జనాన్ని స్పిల్‌వే చూపించడానికి తీసుకొచ్చింది. ఆనకట్టకి ప్రేక్షకుల్ని బస్సుల్లో తోలుకొచ్చారు బాబూ. ఆనకట్ట కింద పోయిన ఊళ్ళ సినిమాకి మాత్రం పాస్‌వర్డ్ పెట్టిన లింకు. రెండు వైపుల కథా తూకానికి రావాలంటే, అవతలివాళ్ళు చూపించిన చోటే, ఇక్కడే, నువ్వూ చూపించాలి.

దర్శకుడు: మీరు అసలు ప్రమాదాన్ని వదిలేశారు మాస్టారూ. సినిమాలో ఒకాయన ప్యాకేజీ సొమ్ములో మధ్యవర్తులు ఎంత మింగారో కెమెరా ముందు చెప్పాడు. ఆయన బిల్లు ఇంకా ఆఫీసులోనే ఉంది. ఈ సినిమా బెర్లిన్‌లో వేస్తే ఆయన్ని ఎవరూ ఏమీ చేయరు. ఆయన కాలనీలోనే వేస్తే? అక్కడ మధ్యవర్తీ కూర్చుంటాడు, ఆఫీసు గుమస్తా కూర్చుంటాడు, పక్కింటివాడు కూర్చుంటాడు. ఆయన నోటి మాట ఆయన మెడకే చుట్టుకుంటుంది. ఉత్సవంలో పేరు వచ్చాక అయితే సినిమాకి, ఆయనకి కూడా ఒక రక్షణ ఉంటుంది. అదీగాక చట్టం ఉంది. 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం సెన్సార్ సర్టిఫికెట్ లేకుండా పదిమందికీ ప్రదర్శించకూడదు. ఉత్సవాలకైతే కేంద్ర మంత్రిత్వ శాఖ మినహాయింపు ఇస్తుంది. ఊళ్ళో వేస్తే ఎస్సై వచ్చి కాగితం అడిగితే ఏం చూపించను? 2021లో అప్పీలు ట్రిబ్యునల్ కూడా ఎత్తేశారు, బోర్డు కాదంటే ఇక హైకోర్టే.

మాస్టారు: ఇది నువ్వు వేసిన ప్రశ్నల్లో నాకు నిజంగా బరువనిపించినది. దీనికి తేలిక జవాబు లేదు. అయితే ఒకటి ఆలోచించు. ఆయన చెప్పిన మాట బెర్లిన్‌లో వేశాక ఇక్కడికి చేరదనుకుంటున్నావా? ఉత్సవంలో పేరొచ్చిన మర్నాడే రెండు నిమిషాల ముక్క వాట్సాప్‌లో తిరుగుతుంది. అప్పుడు ఆయనకి తెలియకుండానే ఆయన మాట అందరి చేతిలో ఉంటుంది. ముందు ఆయన చూడాలి. తన ఇంట్లో, తన వాళ్ళతో కూర్చుని చూసి, ఈ ముక్క ఉంచు, ఈ ముక్క తీసెయ్యి అనే హక్కు ఆయనకుండాలి. తీసెయ్యమంటే తీసెయ్యాలి. ఉంచమంటే, ఆ మాట ఆయన తెలిసే అన్నాడన్న ధైర్యం మీ ఇద్దరికీ ఉంటుంది. తొలి ఆట అంటే నా ఉద్దేశం మైకు పెట్టి ఊరంతా పిలవడమే కాదు. మొదట అందులో ఉన్నవాళ్ళు, తర్వాత వాళ్ళ కాలనీ, ఆ తర్వాత లోకం. ఈ వరసలో ఆయన భద్రత ఎక్కువ, తక్కువ కాదు.

ఉత్సవం పేరు రక్షణ ఇస్తుందన్నావు. సంధ్యా సూరి తీసిన ‘సంతోష్’ 2024లో కాన్‌లో వేశారు, బ్రిటన్ దాన్ని ఆస్కార్‌కి పంపింది. మన సెన్సార్ బోర్డు దగ్గర ఆగిపోయింది. పేరు ఆపలేకపోయింది కదా. చట్టం సంగతంటావా, సర్టిఫికెట్ తెచ్చుకో. హైదరాబాదులో ప్రాంతీయ కార్యాలయం ఉంది. ఏడాది పొడవునా విదేశాలకు ఫారాలు నింపేవాడివి, మన దేశం ఫారం ఒకటి నింపలేవా? కాదంటే పోరాడు, ఒంటరిగా కాదు. 2004 నాటి ముంబయి డాక్యుమెంటరీ ఉత్సవానికి భారతీయ సినిమాలు సెన్సార్ అయి ఉండాలని ప్రభుత్వం షరతు పెడితే, దేశంలోని డాక్యుమెంటరీ దర్శకులు చాలామంది కలిసి ‘వికల్ప్’ పేరుతో పక్కనే తమ ఉత్సవం తాము పెట్టుకున్నారు. నర్మద మీద సినిమాలు తీసిన ఆనంద్ పట్వర్ధన్, సంజయ్ కాక్ లాంటివాళ్ళు సినిమా చేతపట్టుకుని కాలేజీలు, బస్తీలు తిరిగారు. ఉత్సవాలకీ వెళ్ళారు. ఒకటి చేస్తే రెండోది పోలేదు.

దర్శకుడు: తిరగడానికి డబ్బు ఎవరిస్తారండి? సినిమా కోసం చేసిన అప్పు నా పేరు మీద ఉంది. పెళ్ళి వీడియోలు తీసి వడ్డీ కడుతున్నాను. ఓటీటీ వాళ్ళు డాక్యుమెంటరీ అనగానే ఏ ఉత్సవంలో వేశారని అడుగుతారు. కాలనీలో నాలుగు వందల మంది చూసి కన్నీళ్ళు పెట్టుకున్నారంటే వాళ్ళు ఆ మాటని ఏ గడిలో రాసుకుంటారు?

మాస్టారు: నీ అప్పు సంగతి నాకు తెలుసు, దాన్ని తేలిగ్గా తీసుకోను. కానీ ఉత్సవాలు అప్పు తీరుస్తాయని ఎవరు చెప్పారు? చాలా ఉత్సవాలు నీ దగ్గర డబ్బు తీసుకుంటాయే గాని సినిమా వేసినందుకు నీకు ఇవ్వవు. నెలనెలా బహుమతులు పంచే ఉత్సవాలున్నాయి, ఉత్సవం గుర్తుగా ఇచ్చే లారెల్ ఆకుల బొమ్మ పోస్టరు మీదకి వస్తుంది, అంతే, దాంతో బ్యాంకువాడు ఊరుకోడు. ఊరూరా తిప్పడంలోనూ డబ్బుకి దారులున్నాయి, వాటిని మనం నేర్చుకోలేదు. కేరళలో జాన్ అబ్రహాం, ఆయన మిత్రులు ఒడెస్సా అని పెట్టుకుని, జనం దగ్గర చందాలు పోగుచేసి ‘అమ్మ అరియాన్’ తీశారు, 1986లో. ప్రింటు పట్టుకుని ఊళ్ళమీద తిరిగి చూపించారు. నర్మద లోయలో ముంపుకు గురైన జల్‌సింధీ ఊరి మీద ‘డ్రౌన్డ్ అవుట్’ తీసిన బ్రిటిష్ దర్శకురాలు ఫ్రానీ ఆర్మ్‌స్ట్రాంగ్, 2009లో తన తర్వాతి సినిమాకి ఒక పద్ధతి కనిపెట్టింది. ఎవరైనా సరే చిన్న రుసుం కట్టి తమ ఊళ్ళో, తమ బళ్ళో ఆ సినిమా వేసుకోవచ్చు, టికెట్టు సొమ్ము వాళ్ళే ఉంచుకోవచ్చు. ముంపు సినిమా తీసిన మనిషికే ఆ ఆలోచన తట్టడం నాకు వింతగా లేదు. మన జహీరాబాదు దగ్గర పస్తాపూర్‌లో దళిత మహిళలు కెమెరా పట్టుకుని తీసిన పత్తి రైతుల సినిమా రైతుల మధ్య తిరిగింది, విదేశాలకూ వెళ్ళింది. ఇక 2023లో ‘బలగం’. తెలంగాణలో పంచాయతీలే తెర కట్టి ఊరంతటికీ చూపించాయి. విడిపోయిన అన్నదమ్ములు ఆ సినిమా చూసి కలిసిపోయారని పత్రికలు రాశాయి. పల్లె జనానికి ఆరుబయట కూర్చుని సినిమా చూసే ఓపిక పోయిందని ఎవరైనా అంటే నమ్మకు. రఘుపతి వెంకయ్య గారు వందేళ్ళ కిందట క్రోనోమెగాఫోను మోసుకుని ఊళ్ళు తిరగబట్టే తెలుగు సినిమా మొదలైంది.

ఇక్కడ దర్శకుడి తరఫున నేను ఒక మాట చేర్చాలి, ఎందుకంటే అతను బిడియపడి చెప్పలేదు. ఉత్సవం అతనికి ఈ సినిమా కోసమే కాదు, రాబోయే సినిమా కోసం కావాలి. గోవాలో జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ (ఎన్‌ఎఫ్‌డీసీ) వారు 2007 నుంచి నడుపుతున్న ఫిల్మ్ బజార్‌లో గానీ, కోల్‌కతాలో డాక్యుమెంటరీలకు జరిగే డాక్‌ఎడ్జ్‌లో గానీ, రోటర్‌డామ్ ఉత్సవం ఇచ్చే హ్యూబర్ట్ బాల్స్ నిధి దగ్గర గానీ ముందు అడిగేది గత సినిమా ఎక్కడ ఆడిందనే. అక్కడ ‘కృష్ణునిపాలెం కాలనీ’ అని రాస్తే చెల్లదు. మాస్టారి వాదంలో ఈ గడి ఖాళీగా ఉంది. పోలవరంలో పుట్టినవాడు రెండో సినిమా తీయకుండా పెళ్ళి వీడియోల్లోనే ఉండిపోతే, ఆ నష్టం కూడా ఈ నేలదే. మాస్టారు కోరే బాకీ తీర్చడానికైనా దర్శకుడు దర్శకుడిగా బతికి ఉండాలి.

అయినా తీర్పు మాస్టారి వైపే మొగ్గుతుందని నా నమ్మకం, కారణం వరసలో ఉంది. ఉత్సవాన్ని ముందు పెట్టి జనాన్ని తర్వాత పెడితే, ఆ ‘తర్వాత’ చాలా సినిమాలకు రాదు. ఏడాది తిరస్కారాలతో దర్శకుడు అలిసిపోతాడు, హార్డ్ డిస్క్ బీరువాలోకి వెళ్తుంది, సినిమాలో ఉన్నవాళ్ళకి అడగడానికి మొహమాటం. జనాన్ని ముందు పెడితే ఉత్సవానికి జరిగే నష్టం చాలా తక్కువ: వెనిస్ లాంటి ఒకటి రెండు చోట్ల తలుపు మూసుకుంటుంది, మిగతావి తెరిచే ఉంటాయి. ఫోన్లో తీస్తారన్న భయానికి మందు కూడా ఆ జనం దగ్గరే ఉంది. తమ సినిమా అనుకున్నవాళ్ళే దాన్ని కాపాడతారు. కాలనీలో తన ఇల్లు గుర్తుపట్టిన మనిషి చెప్పే దిద్దుబాటు, ఈ ఊరు అది కాదు బాబూ, ఆ రేవు పేరు ఇది, అని సరిచేసే మాట, ఏ ఉత్సవం జ్యూరీ ఇవ్వలేనిది. ఆ దిద్దుబాటుతో వెళ్ళిన సినిమా బెర్లిన్‌లోనూ ఎక్కువ నిజంగా ఉంటుంది.

కాకపోతే ఈ భారమంతా ఒక్క కుర్రాడి నెత్తిన పెట్టి తీర్పు చెప్పడం న్యాయం కాదు. కేరళలో 1965లో చిత్రలేఖ ఫిల్మ్ సొసైటీ పెట్టారు. 1996 నుంచి వాళ్ళకు అంతర్జాతీయ ఉత్సవం ఉంది, 2008 నుంచి డాక్యుమెంటరీలకు, లఘుచిత్రాలకు విడిగా ప్రభుత్వమే నడిపే ఉత్సవం ఉంది. మన దగ్గర? హైదరాబాదులో జరిగే అంతర్జాతీయ బాలల చిత్రోత్సవం 2017 తర్వాత ఆగిపోయింది. 1964లో మొదలైన నంది పురస్కారాలు 2016 సినిమాలతో ఆగాయి. వందల కోట్ల సినిమా తీయగల భాషకి డాక్యుమెంటరీల కోసమే కేటాయించిన హాలు ఒకటి లేదు, అందుకే మన దర్శకుడు తొలి ఆటకి టొరంటో వైపు చూస్తున్నాడు. రాజమండ్రిలో ఆనం కళాకేంద్రం ఉంది. ఏడాదికి నాలుగు రోజులు అక్కడ గోదావరి జిల్లాల చిన్న సినిమాలకు, డాక్యుమెంటరీలకు ఉత్సవం పెట్టి, దర్శకుడి దగ్గర ఫీజు అడక్కుండా, వేసిన ప్రతి సినిమాకీ కొంత సొమ్ము ఇస్తే ప్రభుత్వానికి అయ్యే ఖర్చు పోలవరం కాలవలో ఒక్క రోజు పనికయ్యే ఖర్చు కూడా కాదు. పునరావాస కాలనీల్లో కమ్యూనిటీ హాళ్ళు కట్టామని చెబుతున్నారు. వాటికి తలా ఒక ప్రొజెక్టరు, ఒక తెర ఇవ్వడం పెద్ద కోరిక కాదు.

దర్శకులకు నాదొక విన్నపం. ఫారాలు నింపండి, మంచి ఉత్సవాలు ఐదారు ఏరుకుని వాటికే పంపండి, దొరికిన ప్రతి లారెల్ వెంట పడకండి. మొదటి ఫీజు కట్టేలోపే సినిమాలో ఉన్నవాళ్ళకు చూపించే తేదీ మాత్రం వాళ్ళతో మాట్లాడి ఖాయం చేసుకోండి. ఈ జిల్లాల్లో హాలు తాళం చేతిలో ఉన్న సర్పంచులకు, హెడ్మాస్టర్లకు, లైబ్రేరియన్లకు ఇంకొకటి: మీ చుట్టుపక్కల సినిమా తీసి బీరువాలో పెట్టుకున్న కుర్రాడో అమ్మాయో తప్పకుండా ఉంటారు. వాళ్ళు వచ్చి అడిగేదాకా ఆగకండి. ఒక శనివారం సాయంత్రం హాలు ఇస్తాం, కరెంటు మాది, కుర్చీలు మావి, సినిమా తెచ్చుకో అని మీరే కబురు పెట్టండి.